గేటు మూయకుండా కాటా మార్చడం

(కర్నూలులో విద్యార్థులు, ప్రోగ్రామర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదోని నుంచి, నంద్యాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

మేం ముగ్గురు స్నేహితులం కలిసి ఉల్లి, వేరుశెనగ, పత్తి ధరలు చూపించే చిన్న సైటు నడుపుతున్నాం. పెద్ద సర్వర్లేమీ లేవు. ఒకటే మెషీన్, పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం. మొదట్లో ఒకరోజు పొద్దున పదిన్నరకి చిన్న తప్పొకటి సరిచేసి సర్వర్ రీస్టార్ట్ చేశాను. ప్రోగ్రాం మళ్లీ లేవడానికి 12 సెకన్లు పట్టింది. నా దృష్టిలో అది లెక్కలోకి రాని సమయం. మధ్యాహ్నం కోడుమూరు వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. "సార్, పొద్దున చేను కాడికి యాపారి వచ్చినాడు. రేటు చూద్దామని మీది తీసినా, తెరుచుకోలేదు. ఆయన ఎదురుగా నిలబడి ఉండాడు, ఎంతసేపని చూస్తా? ఆయన చెప్పిన రేటుకే ఇచ్చేసినా" అన్నాడు. తిట్టలేదు. మామూలుగా చెప్పి పెట్టేశాడు.

ఆ 12 సెకన్లూ ఆయన దగ్గరికే పోయాయి. నేనప్పటిదాకా రీస్టార్ట్ అంటే నా పని అనుకున్నాను. అది ఆయన పని మధ్యలో జరిగేదని ఆ ఫోన్ తర్వాతే అర్థమైంది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ 12 సెకన్లను ఎలా తీసేశామన్నదే.

ముందు ప్రీఫోర్క్ సర్వర్ అంటే ఏమిటో చూద్దాం. మీలో చాలామంది మన మార్కెట్ యార్డు చూసే ఉంటారు. బయట గేటు, గేటు దగ్గర బండ్ల వరుస, లోపల కాటాలు. ఒక్కో కాటా దగ్గర ఒక్కో మనిషి. బండి వచ్చినప్పుడల్లా కొత్త కాటా తెచ్చి బిగించరు కదా, పొద్దున్నే అన్నీ సిద్ధం చేసి పెడతారు. ప్రీఫోర్క్ అంటే అంతే. మాస్టర్ అనే ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) ముందుగా పోర్టు (బయటి కనెక్షన్లు వచ్చే ద్వారం) తెరిచి, వినడం మొదలుపెట్టి, ఆ తర్వాత ఫోర్క్ చేసి, అంటే తన నకళ్లే తీసి, పది మంది వర్కర్లను పుట్టిస్తుంది. మాస్టర్ స్వయంగా ఒక్క రిక్వెస్ట్ కూడా తీసుకోదు. వర్కర్లు చచ్చిపోతే కొత్తవాళ్లను పుట్టించడం, బయటి నుంచి సిగ్నల్ అనే చిన్న సంకేతం వస్తే స్పందించడం, అంతవరకే దాని పని. తెరిచిన సాకెట్, అంటే ఆ పోర్టు మీద ప్రోగ్రాంకున్న పట్టు, ఫోర్క్‌లో పిల్లలకి వారసత్వంగా వస్తుంది. పదిమంది వర్కర్లూ ఒకే సాకెట్ మీద యాక్సెప్ట్ అని పిలిచి కూర్చుంటారు, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి కనెక్షన్ దొరుకుతుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. 1995లో అపాచీ సర్వర్‌కి రాబర్ట్ థావ్ రాసిన కొత్త నిర్మాణంలోనే ఉంది. అంతకుముందు రిక్వెస్ట్ వచ్చాక ఫోర్క్ చేసేవాళ్లు. మేం వాడే జీ-యూనికార్న్ అనే సర్వర్, రూబీ భాషలోని యూనికార్న్ సర్వర్ పద్ధతిని పైథాన్‌లోకి తెచ్చింది. ముప్పై ఏళ్లయినా ఈ పద్ధతి నిలబడిందంటే కారణం ఒకటే అని నా అభిప్రాయం: ఒక వర్కర్ కూలిపోతే అది ఒక్కటే పోతుంది, మిగతా తొమ్మిదీ పనిచేస్తూనే ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. గేటు బయట వరుస ఎవరిది? మనందరం అది మన ప్రోగ్రాందే అనుకుంటాం. కాదు, అది ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ అయిన కెర్నల్‌ది. ఫోన్ నుంచి కనెక్షన్ వచ్చినప్పుడు చేతులు కలపడం, అంటే హ్యాండ్‌షేక్ అనే మొదటి పలకరింపు, కెర్నలే పూర్తి చేసి, ఆ కనెక్షన్‌ని వరుసలో నిలబెడుతుంది. మన ప్రోగ్రాంకి అప్పటికి ఆ సంగతే తెలియదు. యాక్సెప్ట్ అన్నప్పుడు మాత్రమే వరుసలో ముందున్నది చేతికొస్తుంది. లినక్స్‌లో ఎస్ఎస్ అనే కమాండ్‌తో వినే సాకెట్లు చూడండి. రిసీవ్-క్యూ అనే గడిలో ఉన్న అంకె, వరుసలో ఇప్పుడు ఎన్ని కనెక్షన్లు ఎదురుచూస్తున్నాయో చెబుతుంది. పక్కనున్న సెండ్-క్యూ, ఆ వరుసలో ఎన్నింటికి చోటుందో చెబుతుంది. ఆ చోటుకి కెర్నల్ పెట్టే పరిమితి పాత లినక్స్‌లలో 128. 5.4 వెర్షన్ నుంచి 4096 చేశారు. మామూలు రోజుల్లో మా రిసీవ్-క్యూ సున్నానే. ఉల్లి సీజన్లో ధరలు పెట్టిన మొదటి నిమిషంలో మాత్రం ముప్పై, నలభై దాకా లేచి, రెండు క్షణాల్లో మళ్లీ సున్నాకి పడిపోతుంది.

రీస్టార్ట్‌లో ఏమవుతుందో ఇప్పుడు తెలుస్తుంది. మాస్టర్ చచ్చిపోయింది, వర్కర్లు చచ్చిపోయారు, సాకెట్‌ని పట్టుకున్న చివరి చెయ్యి వదిలేసింది. ఆ క్షణాన కెర్నల్ వరుసలో ఉన్నవాళ్లందరి కనెక్షన్లూ తెంచేస్తుంది. కొత్తగా వచ్చేవాళ్లకి ఇక్కడ ఎవరూ లేరని చెప్పి పంపేస్తుంది. కోడుమూరు రైతుకి దొరికిన జవాబు అదే.

అంటే చేయాల్సిందల్లా ఒకటే. కాటా మారొచ్చు, కాటా దగ్గర మనిషి మారొచ్చు, గేటు తాళం మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలో ఉండాలి. యునిక్స్‌లో దీనికి చక్కటి వీలుంది. ఎగ్జెక్ అని పిలిస్తే ప్రాసెస్‌లో ప్రోగ్రాం మొత్తం మారిపోతుంది, కానీ తెరిచి ఉన్న ఫైళ్లూ సాకెట్లూ అలాగే ఉంటాయి, మూసేయమని ముందే గుర్తు పెడితే తప్ప. పైథాన్ 3.4 నుంచి ఆ గుర్తు డిఫాల్ట్‌గా పడుతోంది. సొంతంగా ఇలాంటి సర్వర్ రాసే ప్రయత్నం చేసేవాళ్లు ముందుగా తగులుకునేది ఇక్కడే, సాకెట్‌ని వారసత్వంగా ఇవ్వమని మనమే చెప్పాలి.

జీ-యూనికార్న్‌లో ఇది ఇలా సాగుతుంది. పాత మాస్టర్‌కి యూఎస్ఆర్2 సిగ్నల్ పంపుతాం. అది ఫోర్క్ చేసి, పుట్టిన పిల్లలో కొత్త ప్రోగ్రాంని ఎగ్జెక్ చేస్తుంది. సాకెట్ నంబరు ఎంతో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనే ఒక చీటీలో రాసి ఇస్తుంది. కొత్త మాస్టర్ లేచి, ఆ వేరియబుల్ చూసి, పోర్టుని మళ్లీ తెరవకుండా ఆ నంబరునే పట్టుకుంటుంది. తన 12 సెకన్లు తీరిగ్గా తీసుకుని కోడంతా లోడ్ చేసుకుంటుంది. అంతసేపూ పాత వర్కర్లు పని చేస్తూనే ఉన్నారు. తర్వాత కొత్త వర్కర్లు పుడతారు. ఇప్పుడు ఒకే వరుస నుంచి పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఇద్దరూ బండ్లు తీసుకుంటున్నారు. అప్పుడు పాత మాస్టర్‌కి వించ్ సిగ్నల్ పంపుతాం. దాని వర్కర్లు చేతిలో ఉన్న రిక్వెస్ట్ పూర్తి చేసి వెళ్లిపోతారు, మాస్టర్ మాత్రం ఉంటుంది. అది ఎందుకు ఉండాలో గమనించండి. కొత్త కోడ్‌లో తేడా కనిపిస్తే పాత మాస్టర్‌కి హప్ పంపితే మళ్లీ వర్కర్లను పుట్టిస్తుంది, కొత్త మాస్టర్‌ని దించేయొచ్చు. అంతా బాగుంటే పాతదానికి టర్మ్ పంపి సెలవివ్వడమే. వెనక్కి వెళ్లే దారి తెరిచి ఉన్నంతసేపు మనిషికి టెన్షన్ ఉండదు. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చింది అదే.

వించ్ అంటే నిజానికి కమాండ్లు టైపు చేసే టెర్మినల్ విండో సైజు మారిందని చెప్పే సిగ్నల్. వెనకాల నడిచే ప్రోగ్రాంకి విండోనే ఉండదు కాబట్టి దాన్ని ఈ పనికి వాడుకున్నారు. అందుకే జీ-యూనికార్న్‌ని టెర్మినల్ ముందు మామూలుగా నడిపిస్తుంటే వించ్‌ని పట్టించుకోదు. లేకపోతే మీరు విండో లాగినప్పుడల్లా వర్కర్లందరూ లేచి వెళ్లిపోతారు. డీమన్‌గా, అంటే టెర్మినల్‌తో సంబంధం లేకుండా వెనకాల, నడుస్తున్నప్పుడే అది పనిచేస్తుంది. ఇది తెలియక ఒక రాత్రంతా నేను వించ్ పంపుతూ కూర్చున్నాను.

సిగ్నల్స్ విషయంలో ఇంకొకటి, దయచేసి రాసుకోండి. జీ-యూనికార్న్ ముందు నిలబెట్టే ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో క్విట్ అంటే నెమ్మదిగా పని ముగించి వెళ్లమని, టర్మ్ అంటే వెంటనే ఆగమని. జీ-యూనికార్న్‌లో సరిగ్గా తలకిందులు: టర్మ్ నెమ్మది, క్విట్ వెంటనే. ఒకటి అలవాటైన వేళ్లతో రెండోదానికి పంపితే, సగంలో ఉన్న రిక్వెస్ట్‌లన్నీ తెగిపోతాయి. నేను పంపాను, తెగిపోయాయి. అప్పటి నుంచి మా దగ్గర సిగ్నల్స్ చేత్తో పంపడం లేదు, స్క్రిప్టే పంపుతుంది.

ఇదంతా సులువైన సగం. కష్టమైన సగం, పాతా కొత్తా కలిసి బతికే ఆ అర నిమిషం.

మొదట మాకు దెబ్బ తగిలింది డేటాబేస్ దగ్గర. పది మంది వర్కర్లు, ఒక్కొక్కరికీ ఐదు కనెక్షన్లు, మొత్తం 50. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్లకి డిఫాల్ట్ పరిమితి 100, అందులో 3 అడ్మిన్ కోసం పక్కన పెడుతుంది. మిగిలింది 97. సగం ఖాళీగా ఉందని ధైర్యంగా ఉన్నాం. అప్‌గ్రేడ్ సమయంలో వర్కర్లు రెట్టింపవుతారని ఆలోచించలేదు. 50కి 50 తోడైతే 100. చివర పుట్టిన కొత్త వర్కర్లకి కనెక్షన్ దొరకలేదు, వాళ్ల చేతికొచ్చిన రిక్వెస్ట్‌లన్నీ ఎర్రర్. మెమరీ సంగతీ అంతే. మామూలు రోజున సరిపోయే ర్యామ్, ఆ అర నిమిషం సరిపోకపోతే కెర్నల్ ఎవరో ఒకర్ని చంపేస్తుంది. మీ లెక్క ఎప్పుడూ రెండు తరాలకి వేసుకోండి.

రెండోది, డేటాబేస్ టేబుల్ మార్పులు. మేం మొదట ఒకటే ధర చూపించేవాళ్లం. తర్వాత కనిష్ఠం, గరిష్ఠం విడిగా చూపాలనుకున్నాం. "ధర" అనే కాలమ్ పేరుని "గరిష్ఠ ధర" అని మార్చి, పక్కన ఇంకోటి చేర్చి, కొత్త కోడ్ ఎక్కిస్తే అయిపోతుందనుకున్నాం. పేరు మార్చిన క్షణం నుంచి, పాత వర్కర్లు అడిగే "ధర" ఎక్కడా లేదు. సరైన వరుస ఇది: మొదట కొత్త కాలమ్‌లు చేర్చాలి, పాతది ముట్టుకోకూడదు. తర్వాత రెండిట్లోనూ రాసే కోడ్ ఎక్కించాలి. పాత రికార్డులు నింపాలి. ఆ తర్వాత కొత్తవాటి నుంచి చదివే కోడ్. కొన్ని రోజులు నిలకడగా నడిచాక, పాతదానిలో రాయడం మానేసిన కోడ్ ఎక్కించి, చివరగా పాత కాలమ్ తీసేయాలి. ఒక్క పేరు మార్చడానికి ఇన్నిసార్లా అని విసుగొస్తుంది. కానీ ఏ మెట్టు దగ్గర ఆగినా, ఏ మెట్టు నుంచి వెనక్కి తగ్గినా సైటు నడుస్తూనే ఉంటుంది. ఇందులో దగ్గరి దారి ఉందని నేను నమ్మను.

మూడోది ప్రీలోడ్. మాస్టర్‌లోనే కోడ్ లోడ్ చేసి తర్వాత ఫోర్క్ చేస్తే, మెమరీ పేజీలు ఎవరో ఒకరు రాసేదాకా అందరూ పంచుకుంటారు, ర్యామ్ మిగులుతుంది. దీనికి రెండు మెలికలు. ప్రీలోడ్ పెట్టుకున్నాక హప్ పంపితే కొత్త కోడ్ రాదు, పాతదే మళ్లీ ఫోర్క్ అవుతుంది. యూఎస్ఆర్2 దారే పట్టాలి. రెండో మెలిక ప్రమాదకరం. ఫోర్క్‌కి ముందే మాస్టర్ డేటాబేస్ కనెక్షన్ తెరిచి పెడితే, పదిమంది పిల్లలకీ అదే ఒక్క కనెక్షన్ వారసత్వంగా వస్తుంది. ఒకరు అడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబు ఇంకొకరు చదివేస్తారు. మా టెస్ట్ మెషీన్‌లో ఉల్లి పేజీ తెరిస్తే వేరుశెనగ ధర కనిపించింది. ఎర్రర్ కూడా రాలేదు, తప్పుడు అంకె హాయిగా తెరమీద కూర్చుంది. ఆ అంకె చూసి సంత నుంచి ఎవరైనా బేరం కుదుర్చుకుని ఉంటే? ఆ రోజు నుంచి, కనెక్షన్ ఏదైనా సరే ఫోర్క్ తర్వాత, వర్కర్‌లోనే తెరవాలని నియమం పెట్టుకున్నాం.

ఇంకో దారి కూడా చెప్పాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను సలహా ఇచ్చేది నిజానికి ఇదే. సాకెట్‌ని మన ప్రోగ్రాం కాకుండా, లినక్స్‌లో ప్రోగ్రాంలను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీ తెరిచి పట్టుకుంటుంది. మన మాస్టర్‌కి ఫైల్ డిస్క్రిప్టర్లుగా, అంటే తెరిచిన సాకెట్ల నంబర్లుగా, 3 నుంచి మొదలుపెట్టి అందిస్తుంది. మన ప్రోగ్రాం రీస్టార్ట్ అయినా సాకెట్ సిస్టమ్‌డీ చేతిలో ఉంది కాబట్టి వరుస చెదరదు. వచ్చినవాళ్లు నిలబడి ఉంటారు, ప్రోగ్రాం లేచాక జవాబు అందుకుంటారు. రైతుకి పేజీ ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తుంది. ప్రోగ్రాం రెండు మూడు సెకన్లలో లేచేదైతే ఇది చాలు, యూఎస్ఆర్2 నాట్యం అక్కర్లేదు. మాది 12 సెకన్లు కాబట్టి మాకు చాలలేదు, అంతే.

సరే, చూపిస్తాను. ఎడమవైపు విండోలో ఒక లూప్ పెట్టాను, సెకనుకి ఇరవైసార్లు మన సైటుని అడిగి, వచ్చిన జవాబు కోడ్, వెర్షన్ నంబరు రాస్తుంది. ఇప్పుడు అన్నీ 200, అంటే జవాబు సరిగ్గా వచ్చిందని, వెర్షన్ ఒకటి. కుడివైపు పాత మాస్టర్, దాని కింద పది మంది. యూఎస్ఆర్2 పంపుతున్నాను. కొత్త మాస్టర్ లేచింది, ఇంకా వర్కర్లు లేరు, లోడ్ అవుతోంది... పది, పదకొండు, పన్నెండు. వచ్చారు. ఎడమవైపు చూడండి, ఒకటి, రెండు, ఒకటి, ఒకటి, రెండు కలిసి వస్తున్నాయి. వించ్ పంపుతున్నాను. పాతవాళ్లు ఒక్కొక్కరే వెళ్తున్నారు. ఏడుగురున్నారు, నలుగురు, ఒక్కరు. ఆ ఒక్కరి చేతిలో ఏదో పెద్ద రిక్వెస్ట్ ఉంది, కానివ్వండి. వెళ్లిపోయారు. ఇప్పుడు అన్నీ రెండు. వెనక బెంచీలో ఎవరైనా లెక్కపెట్టి చెప్పండి, 200 కానిది ఒక్కటైనా వచ్చిందా?