సున్నా అని రాసిన పొట్లంలో ఏముంది?

(తెర మీద: అరచేతిలో తెల్లటి చిన్న పొట్లం)

చక్కెరకు బదులుగా, సున్నా కేలరీలని అమ్మే ఈ తీపి పొడి పొట్లం బరువు ఒక గ్రాము. ఇందులో తీపినిచ్చే సుక్రలోజ్ దాదాపు 12 మిల్లీగ్రాములే. మరి మిగతాదంతా ఏమిటి?

సుక్రలోజ్ చక్కెర కంటే సుమారు 600 రెట్లు తియ్యన. రెండు చెంచాల చక్కెరకు సాటి వచ్చే సుక్రలోజ్ చిటికెడు కూడా ఉండదు. కాఫీలో వేసుకోవడానికి చేతికి కాస్త పొడి తగలాలి కదా, అందుకని చాలా కంపెనీలు డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతాయి. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. మాల్టోడెక్స్‌ట్రిన్ పిండి నుంచి తీసేది. నాలుకకు పెద్దగా తీపి తెలియదు, రక్తంలోకి మాత్రం చక్కెర కన్నా వేగంగా చేరగలదు.

(తెర మీద: కాఫీ కప్పు, ఆ తర్వాత కొలత కప్పు)

కాఫీకి ఒక పొట్లమంటే గ్రాములోపు పిండిపదార్థం. దానికి భయపడక్కర్లేదు, చెంచా చక్కెరలో 4 గ్రాములు ఉంటాయి. చిక్కంతా పాయసం దగ్గర. అమెరికాలో ఒక వడ్డనలో 5 కేలరీల లోపు ఉంటే సున్నా అని రాసుకోవచ్చు. అక్కడ చక్కెరకు బదులు కప్పుకు కప్పు వాడమని అమ్మే సుక్రలోజ్ పొడి కప్పు నిండా తీసుకుంటే దాదాపు 24 గ్రాముల పిండిపదార్థం. కీటో, అంటే పిండిపదార్థాలు బాగా తగ్గించిన ఆహారం తింటూ, రోజుకు 20 గ్రాములు దాటకూడదని లెక్క పెట్టుకునేవారికి ఆ సున్నా ఎంత ఖరీదైనదో చూడండి!

(తెర మీద: షుగర్ ఫ్రీ చాక్లెట్)

దీనిలో చక్కెరకు బదులు తరచుగా ఉండేది మాల్టిటాల్ అనే తీపి పదార్థం. రుచి అచ్చం చక్కెరలాగే ఉంటుంది, అందుకే తయారీదారులకు అంత ముద్దు. కానీ చక్కెరలో సగం కేలరీలు దీనిలోనూ ఉన్నాయి, రక్తంలో గ్లూకోజును పెంచుతుంది కూడా. 20 గ్రాముల మాల్టిటాల్ ఉంటే నేనైతే 10 గ్రాములు పిండిపదార్థం లెక్కలో వేస్తాను. మొత్తం తీసేసి ‘కీటో’ అని అచ్చేసుకోవడం నాకు మోసంలాగే కనిపిస్తుంది. నాలుగు ముక్కలు ఎక్కువ తింటే ఆ సంగతి పొట్టే చెబుతుంది.

ఎరిథ్రిటాల్ అనే మరో తీపి పదార్థం మాల్టిటాల్‌కు చుట్టమే అయినా తీరు వేరు. ఒంట్లోకి వెళ్లినదానిలో ఎక్కువ భాగం మారకుండానే మూత్రంలో పోతుంది. లెక్కలో సున్నా వేసుకోవచ్చు. అయితే దీనితో అరిసెల పాకం పట్టాలని ఆశపడకండి. చల్లారగానే మళ్లీ పలుకులు కడుతుంది.

బెల్లం, తేనె, తాటిబెల్లం? పిండిపదార్థాల లెక్కలో ఇవన్నీ చక్కెరే. చెంచా తేనె చెంచా చక్కెర కన్నా బరువు, కాబట్టి ఇంకాస్త ఎక్కువే.

(తెర మీద: సున్నుండలు)

స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపి) వేసి సున్నుండలు చేసుకున్నామనుకోండి. చక్కెర పోయింది, మినప్పప్పు ఎక్కడికి పోతుంది? 100 గ్రాముల పప్పులో పీచు తీసేసినా 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది.

ఇన్సులిన్ గానీ, చక్కెరను తగ్గించే మాత్రలు గానీ వాడేవారు డాక్టరుతో మాట్లాడకుండా ఈ కీటో ఆహారం మొదలుపెట్టకండి. మందు అదే ఉండి పిండిపదార్థం తగ్గితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు పట్టి చేతులు వణికే ఆ సమయంలో స్టీవియా కలిపిన నిమ్మరసం పనికిరాదు. మూడు నాలుగు చెంచాల అసలు చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. ఇంట్లో చక్కెర డబ్బాను పూర్తిగా ఖాళీ చేయకండి.