చర్చ: కళ్ళ కదలికలతో పాత భయం తగ్గుతుందా?

(నెల్లూరు స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: ఒంగోలులో పనిచేసే క్లినికల్ సైకాలజిస్ట్, నెల్లూరు సైకియాట్రిస్ట్, కావలి వైపు హైవే మీద 108లో పనిచేసిన టెక్నీషియన్. పేర్లు వేయడం లేదు.)

యాంకర్: మేడమ్, సూటిగా అడుగుతా. ఈఎండీఆర్ అనే మానసిక చికిత్స మీద ప్రోగ్రాం చేస్తున్నాం, థెరపిస్ట్ వేలు అటూ ఇటూ ఊపుతారంట, పేషెంట్ కళ్ళతో దాన్ని అనుసరించాలంట అని ఇంట్లో చెప్తే మా అమ్మ నవ్వింది. దిష్టి తీయడానికీ దీనికీ తేడా ఏందిరా అంది.

సైకాలజిస్ట్: అమ్మగారు ఒక్కరే కాదండీ, పెద్ద పెద్ద ప్రొఫెసర్లూ నవ్వారు. ఫ్రాన్సిన్ షాపిరో అని అమెరికన్ సైకాలజిస్ట్. 1987లో పార్కులో నడుస్తుంటే ఆమెకు ఒకటి తట్టింది. తనను సతాయించే ఆలోచనలు కళ్ళు చకచకా అటూ ఇటూ తిరిగినప్పుడు మెత్తబడుతున్నాయని. 1989లో మొదటి పరిశోధన అచ్చయింది. అప్పట్లో నమ్మినవాళ్ళు తక్కువ. ఆ తర్వాత చాలా పరిశోధనలు జరిగాయి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైన సంఘటన తర్వాత మనసులో నిలిచిపోయే భయం జబ్బుకు, సూచించే చికిత్సల్లో దీన్ని చేర్చింది.

యాంకర్: పీటీఎస్‌డీ అంటే భయపడిన ప్రతివాళ్ళకీ ఉన్నట్టేనా?

సైకియాట్రిస్ట్: కాదు. యాక్సిడెంట్ చూశాక వారం పది రోజులు నిద్ర పట్టకపోవడం మామూలే. చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. నెల దాటినా అదే దృశ్యం కళ్ళముందుకు రావడం, పీడకలలు, ఆ దారి తప్పించుకుని తిరగడం, చిన్న శబ్దానికి ఉలిక్కిపడడం... ఇవన్నీ కలిసి ఉద్యోగానికీ సంసారానికీ అడ్డం పడుతుంటే అప్పుడు ఆలోచిస్తాం. మన దగ్గర ఇలాంటివాళ్ళు గుండెదడ అని ముందు గుండె డాక్టర్ దగ్గరికి వెళ్తారు. ఈసీజీ, టూడీ ఎకో అన్నీ నార్మల్ వస్తాయి. "నీకేం లేదు పో" అంటారు. అక్కడ ఆగిపోతుంది కథ.

108 టెక్నీషియన్: నాకూ అదే అయింది సార్. ఈసీజీ రెండు చోట్ల తీయించా.

యాంకర్: అన్నా, మీకు ఇబ్బంది లేకపోతే ఏం జరిగిందో చెప్పండి. ఎంత చెప్పాలనుకుంటే అంతే.

108 టెక్నీషియన్: రాత్రిపూట లారీ, ఆటో కేసు. రక్తం మాకు అలవాటే. నన్ను పట్టుకుంది అది కాదు. చనిపోయినాయన జేబులో ఫోన్ మోగతా ఉంది. ఆగుతుంది, మళ్ళీ మోగుతుంది. ఇంట్లోవాళ్ళు అనుకుంటా. నేను ఎత్తలా. బతికున్నవాళ్ళను చూసుకోవాలి కదా. ఆ తర్వాత అదే రింగ్‌టోన్ టీ అంగట్లో ఎవరిదో మోగితే గ్లాసు జారిపోయింది చేతిలోంచి. ఇంట్లో నా ఫోన్ కూడా సైలెంట్‌లో పెట్టేశా. డ్యూటీకి పోవాలంటే కడుపులో తిప్పేది. మావాళ్ళకు చెప్తే "ఇన్నేళ్ళ సర్వీసు, నీకేంది భయం" అన్నారు. (కాసేపు ఆగి) సరే, ఒక ఫ్రెండ్ వేరే ఊళ్ళో థెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

యాంకర్: వెళ్ళగానే వేలు ఊపారా?

108 టెక్నీషియన్: లేదు, అదే చెప్తున్నా. మొదట్లో అసలు ఆ సంగతే ఎత్తలేదు. నిద్ర ఎట్లా ఉంది, తాగుతావా, ఇంట్లో ఎవరున్నారు, మనసు కలత పడితే ఏం చేస్తావు, ఇవే. నీకు నెమ్మదిగా అనిపించే చోటు ఒకటి తలుచుకోమన్నారు. నాకు మైపాడు బీచ్ అనిపించింది, తెల్లారుజామున పడవలు ఒడ్డుకొచ్చే టైం. ఎప్పుడు ఎక్కువైనా అక్కడికి పోవడం నేర్పించారు. ఆ తర్వాతే అసలు పని.

సైకాలజిస్ట్: ఈఎండీఆర్‌లో ఎనిమిది దశలున్నాయి. కళ్ళ కదలికలు వచ్చేది మధ్యలో. మొదటి రెండు దశలూ పేషెంట్ గతం తెలుసుకోవడానికి, తట్టుకునే శక్తి తెచ్చిపెట్టడానికి. తొందరపడేవాళ్ళు దాటేసేది ఇవే, దెబ్బతినేదీ ఇక్కడే. మూడో దశలో ఆ సంఘటనలో అన్నిటికన్నా బాధపెట్టే దృశ్యం ఏది, దాని గురించి నీ మీద నీకున్న నమ్మకం ఏది, బాధ సున్నా నుంచి పది వరకు ఎంత, ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది అని అడుగుతాం. సార్ విషయంలో ఏం వచ్చి ఉంటుందో...

108 టెక్నీషియన్: "నేను ఫోన్ ఎత్తి ఉండాల్సింది." అదొచ్చింది. బాధ తొమ్మిది అన్నా. గొంతు దగ్గర పట్టేసినట్టు ఉండేది. వేలు చూస్తూ అది తలుచుకోవాలి. అర నిమిషం అటూ ఇటూ చేసి, ఆపి, గాలి పీల్చుకోమని, "ఇప్పుడు ఏమొచ్చింది" అని అడుగుతారు. చెప్పింది విని "అక్కడినుంచే పోదాం" అంటారు, అంతే. సలహాలు లేవు. మధ్యలో మా నాయన చనిపోయినప్పుడు నేను డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తని సంగతి వచ్చేసింది. ఎన్నేళ్ళ కిందటిదో! రెంటికీ లంకె ఉందని నాకే తెలియదు.

యాంకర్: చివరికి మర్చిపోయారా?

108 టెక్నీషియన్: మర్చిపోవడం ఏంది అబ్బాయ్, అంతా గుర్తుంది. ఇప్పుడు మీతో చెప్పలేదా? గొంతు పట్టేయడం లేదు, అంతే.

సైకాలజిస్ట్: "నేను చేయాల్సింది చేశాను" అనే మాట ఎంత నిజమనిపిస్తోంది అని ఒకటి నుంచి ఏడు దాకా కొలుస్తాం. మొదట ఒకటో రెండో చెప్తారు. బాధ తగ్గేకొద్దీ అది పెరుగుతుంది. ఇందులో హిప్నాటిజం లేదు. మనిషి పూర్తి తెలివిలో ఉంటాడు, చెయ్యెత్తితే ఆపేస్తాం.

సైకియాట్రిస్ట్: మేడమ్ చెప్పిందంతా ఒప్పుకుంటా, కళ్ళ సంగతి తప్ప. భయపడేదాన్ని భద్రమైన చోట కూర్చుని మళ్ళీ మళ్ళీ తలుచుకుంటే భయం తగ్గుతుంది. ట్రామా, అంటే మనసుకు తగిలిన దెబ్బ మీద పనిచేసే సీబీటీ కూడా దాదాపు ఇంతే ఫలితం ఇస్తుంది. అది ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స. అక్కడ వేలూ లేదు, లైటూ లేదు. మరి కళ్ళు ఎందుకు?

సైకాలజిస్ట్: సీబీటీలో రోజూ ఇంటిదగ్గర చేసే పని ఉంటుంది, సంఘటన వివరంగా చెప్పాలి. ఇక్కడ అంత చెప్పక్కర్లేదు. అత్యాచారానికి గురైన ఆడపిల్ల నోరు తెరిచి అంతా చెప్పాల్సిన అవసరం లేదంటే అది చిన్న విషయమా? ఇక కళ్ళ మాట. నెదర్లాండ్స్‌లో కొందరు పరిశోధించారు. ఫోన్‌లో మాట్లాడుతూ చిల్లర లెక్కపెడితే రెండూ సగం సగమే అవుతాయి కదా. అలాగే జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని కళ్ళతో ఇంకో పని చేస్తే ఆ దృశ్యం పదును తగ్గుతుందని వాళ్ళ లెక్క.

సైకియాట్రిస్ట్: అలాగైతే చేతి మీద తట్టినా, చెవుల్లో మార్చి మార్చి శబ్దం వినిపించినా అవుతుందిగా?

సైకాలజిస్ట్: చేస్తున్నాం కూడా. కళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకు తట్టడమే.

(ఇక్కడ ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. తేలలేదు.)

యాంకర్: ఇందుకూరుపేట మండలం నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు.

ఫోన్‌లో తల్లి: నమస్తే అండీ. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు మా బాబుకు ఐదేళ్ళు. ఇంట్లోకి నీళ్ళొచ్చాయి, డాబా ఎక్కి ఉన్నాం. ఇప్పటికీ గట్టిగా వానొస్తే మంచం కిందికి పోతాడు. దడుసుకున్నాడని మా అత్త దర్గాకు తీసుకుపోయి తాయత్తు కట్టించింది. కొన్నాళ్ళు బాగున్నాడు. మళ్ళీ మొదలు.

సైకాలజిస్ట్: తాయత్తు తీయొద్దమ్మా, వాడికి ధైర్యంగా ఉంటే ఉండనివ్వు. ఈ భయం వాడి తప్పు కాదని ముందు వాడికి చెప్పు. మగపిల్లాడివి ఏడుస్తావేంది అనొద్దు. వాన రాకముందే "ఈరోజు వాన పడుద్ది, మనం ఇంట్లోనే ఉంటాం, నేనుంటా" అని చెప్పు.

సైకియాట్రిస్ట్: పిల్లల్లో ట్రామా సీబీటీ ముందు, అది పనిచేయకపోతే ఈఎండీఆర్ అని బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఉంది. నేనూ అదే చెప్తా. ముందు నెల్లూరు పెద్ద ప్రభుత్వాసుపత్రి, జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీకి తీసుకురండి. బడికి పోతున్నాడా?

ఫోన్‌లో తల్లి: పోతాడు సార్. వానాకాలం మాత్రం నాగా పెడతాడు.

సైకియాట్రిస్ట్: అయితే వచ్చే వానల దాకా ఆగొద్దు.

యాంకర్: యూట్యూబ్‌లో చుక్క అటూ ఇటూ తిరిగే వీడియోలున్నాయి. ఫీజు మిగులుతుందని ఇంట్లో చేసుకుంటున్నారు.

సైకాలజిస్ట్: వద్దు. పాత దెబ్బను కదిలించాక మధ్యలో అయోమయంలో పడిపోతే, తాను ఎక్కడున్నాడో తెలియకపోతే, వెనక్కి తీసుకొచ్చే మనిషి పక్కన ఉండాలి. చుక్క ఆ పని చేయదు. సెషన్ల మధ్య రోజుల్లో కూడా కలలు ఎక్కువ కావచ్చు, అది ముందే చెప్పాలి. మూర్ఛ ఉన్నవాళ్ళకు, చచ్చిపోవాలనే ఆలోచనలు ఉన్నవాళ్ళకు ఇంకా జాగ్రత్త.

సైకియాట్రిస్ట్: మందులు వాడుతుంటే ఆపేసి రమ్మని ఎవరైనా అంటే నమ్మొద్దు. రెండూ కలిపి చేయొచ్చు.

యాంకర్: మరి సరైన మనిషిని ఎలా పట్టుకోవాలి?

సైకియాట్రిస్ట్: క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఈఎండీఆర్ ట్రైనింగ్ విడిగా తీసుకున్నారా అని అడగండి. అడిగితే కోపం వచ్చేవాళ్ళ దగ్గరికి రెండోసారి వెళ్ళకండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఎప్పుడైనా, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

108 టెక్నీషియన్: ఒక్కటి చెప్తా సార్. ముందే అన్నీ చెప్పమని బలవంతం చేస్తే లేచి వచ్చేయండి. నేను మొదట వెళ్ళిన ఒకచోట అట్లానే వచ్చేశా.