రెండు రంగుల కారుకు సీలర్ ఏ రంగు?

నమస్కారం. కారుకు రంగు వేసే ముందు అడుగున కొట్టే పూతే సీలర్. "సీలర్ ఏ రంగైతే ఏమిటి, పైన పెయింట్ కప్పేస్తుంది కదా!" హైదరాబాద్‌లో ఏ పెయింటింగ్ షెడ్డుకు వెళ్లినా ఈ మాట వినిపిస్తుంది. వినీ వినీ విసుగొచ్చింది. అన్ని రంగులూ అలా కప్పవు.

సికింద్రాబాద్ జనరల్ బజారులో ఒక మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లి, పల్చటి పసుపు జాకెట్ ముక్క చూపించి నల్ల లైనింగ్ అడగండి. దుకాణదారు మీ ముఖం ఎగాదిగా చూస్తాడు. లోపలి రంగు పైకి తేలుతుందని ఆయనకు తెలుసు. కారుకు సీలర్ అంటే ఆ లైనింగే.

ఆ మధ్య బాలానగర్‌లో ఒక పాత పద్మిని కారు చూశాను. ఒళ్లంతా పసుపు, టాపు నలుపు. అడుగున ముదురు బూడిద సీలర్ వేశారు. దాని మీద పసుపు నాలుగుసార్లు కొట్టారు. డోరు మధ్యలో బాగానే ఉంది. హ్యాండిల్ వెనక గుంతలో, డోరు అంచుల్లో మాత్రం పచ్చి జామకాయ రంగు! పసుపు పల్చగా పడిన చోటల్లా కింది ముదురు బూడిద కలిసి ఆకుపచ్చ ఛాయ తేలింది. ఎంత ప్రేమగా చేయించుకున్న పనో, చూస్తే ప్రాణం ఉసూరుమంది.

కారణం పిగ్మెంట్లలో, అంటే పెయింటుకు రంగునిచ్చే పొడుల్లో ఉంది. తెలుపులోని టైటానియం డయాక్సైడ్ వెలుతురును చెదరగొట్టి అడుగును దాస్తుంది. నలుపు వెలుతురునే మింగేస్తుంది. నిగనిగలాడే పసుపు, ఎరుపుల్లో చాలావాటికి ఆ బలం లేదు. పాతకాలపు సీసం పసుపు బాగా కప్పేది. సీసం విషం, అది పోవడమే మంచిది.

కాబట్టి రెండు రంగుల్లో ఏది తక్కువ కప్పుతుందో దాన్ని బట్టి సీలర్ ఎంచుకోండి. జాకెట్ ఒళ్లు పసుపు, చేతులు నలుపు అయితే లైనింగ్ పసుపును చూసే కొంటాం కదా! ఈ కారుకు లేత బూడిదో తెలుపో సరిపోయేది. నలుపు దేన్నైనా కప్పేస్తుంది.

అలాగని ఎరుపు కింద ఎరుపే వేయనక్కర్లేదు. చూడాల్సింది ఆ రంగు ఎంత లేత, ఎంత ముదురు అన్నదే. రంగు ముక్కను బూడిద ముక్కల పక్కన పెట్టి ఫోనులో నలుపు-తెలుపు ఫొటో తీయండి. ఏ బూడిదలో కలిసిపోతే అది సుమారుగా మీ సీలర్. ఖాయం చేసుకోవడానికి నలుపు-తెలుపు గళ్ల కార్డు మీద కొట్టి, గళ్లు మాయం కావడానికి ఎన్నిసార్లు పట్టిందో లెక్కపెట్టండి.

నలుపు టాపుకు కాకుండా కింది భాగానికి ఉంటే? రాళ్లు తగిలేది అక్కడే. కుట్టు విడితే లైనింగ్ తొంగిచూసినట్టు, పెచ్చు లేచిన చోటల్లా తెల్ల చుక్కలు. అప్పుడు మాత్రం రెండు సీలర్లు వాడండి, అతుకు రంగులు మారే గీత దగ్గరే పెట్టండి.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. సీలర్ మీద బేస్, అంటే అసలు రంగు, ఎంతసేపట్లో కొట్టాలో సీలర్ కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో ఉంటుంది. ఆ గడువు దాటితే సీలర్‌ను గరుకు కాగితంతో రుద్దాల్సిందే. ముందు లేత రంగు, అది ఆరాక టేపు, తర్వాత ముదురు రంగు, చివరికి రెండింటి మీదా ఒకే క్లియర్, అంటే రంగులేని మెరుపు పూత. పెయింట్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి. ముఖానికి కట్టుకున్న రుమాలు వాటిని ఆపదు, సరైన మాస్కు పెట్టుకున్నాకే గన్ను పట్టండి.