బెయిలు రాని కేసు

అందరికీ నమస్కారం.

ఎమర్జెన్సీ చూసిన పెద్దలు ఈ సభలో కొందరున్నారు. 1975లో ప్రతిపక్ష నాయకుణ్ణి లోపలేయాలంటే విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం ఒక్కటి చాలు, కారణం చెప్పే పని కూడా లేదు. ఆయన ఎందుకు జైల్లో ఉన్నాడో ఊరందరికీ తెలుసు, పరువుకేం నష్టం లేదు. ఇప్పుడలా కాదు. ముందు పరువు తీసి, ఆ తర్వాత జైల్లో వేస్తారు. ఫిలిప్పీన్స్‌లో లైలా డి లీమాకు జరిగింది అదే.

2009లో ఆవిడ అక్కడి మానవ హక్కుల కమిషన్ అధ్యక్షురాలు. దవావోలో హంతక ముఠా మనుషుల్ని చంపేస్తోందని ఆరోపణలొస్తే, ఆ ఊరికే వెళ్ళి బహిరంగ విచారణ పెట్టారు. అప్పటి మేయర్ రోడ్రిగో దుతెర్తె. 2016లో ఆయన దేశాధ్యక్షుడయ్యారు, ఆవిడ సెనేటర్. డ్రగ్స్‌పై యుద్ధమంటూ వీధుల్లో శవాలు పడుతుంటే ఆవిడ సెనేట్‌లో విచారణ మొదలుపెట్టారు. కొద్దివారాలకే ఆ విచారణ నడిపే కమిటీ అధ్యక్ష పదవి పోయింది. 2017 ఫిబ్రవరి 24న అరెస్టు చేశారు.

ఏం కేసు? డ్రగ్స్ కేసే! న్యాయశాఖ మంత్రిగా ఉండగా జైల్లోని డ్రగ్స్ వ్యాపారుల దగ్గర డబ్బు తీసుకున్నారట. సాక్షుల్లో చాలామంది శిక్ష పడ్డ ఖైదీలు. 2014లో ఆ జైలు మీద దాడి చేయించిందే ఆవిడ. అరెస్టుకు ముందు దిగువ సభ విచారణకు ఆవిడ మాజీ డ్రైవర్‌ను పిలిచి, ఇద్దరి సంబంధం గురించి టీవీ కెమెరాల ముందు నవ్వుకుంటూ అడిగారు. మగ సెనేటర్‌నైతే ఇలా అడిగేవారా?

ఆవిణ్ణి ఉంచిన క్రామే పోలీసు క్యాంపులో ఫోన్ లేదు, కంప్యూటర్ లేదు. ప్రకటనలన్నీ కాగితం మీద చేత్తో రాసి పంపేవారు. అక్కడి వీధి పిల్లులకు తిండి పెట్టేవారు. సెనేట్‌లో ఓటేసే వీలు మాత్రం ఇవ్వలేదు. 2022 అక్టోబరులో పారిపోబోయిన ఖైదీ ఒకడు ఆవిడ కళ్ళకు గంతలు కట్టి, గుండెల మీద కత్తి పెట్టాడు. పోలీసులు వాణ్ణి కాల్చేశారు.

అప్పటికే ఆ ఏడాది కీలక సాక్షులు అడ్డం తిరిగారు. జైళ్ళ శాఖ మాజీ అధికారి రఫాయెల్ రాగోస్, ఒత్తిడి చేస్తేనే ఆవిడ మీద సాక్ష్యం చెప్పానన్నారు. అయినా బెయిలు 2023 నవంబరులో గానీ రాలేదు. ఆవిడ మీద పెట్టిన మూడు డ్రగ్స్ కేసుల్లో చివరిది 2024 జూన్‌లో కొట్టేశారు. ఆవిడ సెనేట్ పదవీకాలం ముగిసి అప్పటికి రెండేళ్ళు.