ప్రెషర్ వాషర్ కొనేముందు ఓ బకెట్ తీసుకుని కుళాయి దగ్గరికి రండి

నమస్కారమండీ. ప్రెషర్ వాషర్, అంటే నీళ్లని గట్టి ధారగా కొట్టి కడిగే మిషన్, అనగానే అందరూ మొదట అడిగేది "ఎన్ని బార్లు?" అని. బార్ అంటే ప్రెషర్‌కి కొలత. డబ్బా మీద 130 అనో 150 అనో పెద్ద అంకె కనబడుతుంది మరి. అది మిషన్ ఎక్కగలిగే గరిష్ఠం మాత్రమే. గన్ (చేత్తో పట్టుకుని ధార కొట్టేది) నొక్కి పని చేస్తున్నంతసేపూ వచ్చే ప్రెషర్ కింద లేబుల్ మీద చిన్న అక్షరాల్లో 'రేటెడ్' అని ఉంటుంది. ఇంటి మిషన్లలో అది చాలావాటికి 100 లోపే. బైకుకీ, కారుకీ, గేటుకీ, పార్కింగ్ టైల్స్‌కీ అది ధారాళంగా సరిపోతుంది. కాబట్టి బార్ల సంగతి ఇక్కడితో వదిలేద్దాం. ఇంట్లో ఈ మిషన్లు మొరాయించేది ఎక్కువగా నీళ్లు లోపలికి వెళ్లే వైపునే.

ఇదిగో, 10 లీటర్ల బకెట్. మిషన్ ఎక్కడ పెడతారో అక్కడిదాకా మీ పైపు లాగండి. కుళాయి పూర్తిగా తిప్పి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. లేబుల్ మీద గంటకు 360 లీటర్లు అని ఉందంటే మిషన్ నిమిషానికి 6 లీటర్లు తాగుతుంది. కుళాయి కనీసం 8 ఇవ్వాలి, అంటే ఈ బకెట్ 75 సెకన్లలోపు నిండిపోవాలి. కుళాయి కింద పెట్టి కొలిచి సంబరపడకండి. 20 మీటర్ల అరంగుళం పైపు చివర వచ్చే ధార వేరు.

మన ఇళ్లలో నీళ్లు పైట్యాంకు నుంచే కదా. ట్యాంకు కుళాయి కంటే 10 మీటర్లు ఎత్తులో ఉంటే వచ్చేది ఒక బార్. రెండంతస్తుల ఇంట్లో కింద కుళాయి దగ్గర ముప్పావు బార్ ఉంటే గొప్ప. డాబా మీది కుళాయికి అదీ ఉండదు. అందుకే బకెట్లోంచి తనంతట తాను నీళ్లు లాక్కునే మిషనే కొనండి. సెల్ఫ్ ప్రైమింగ్ అని రాసి ఉంటుంది. బకెట్‌ని కుర్చీ మీదో అరుగు మీదో, మిషన్ కంటే ఎత్తులో పెట్టండి. పైపు ముందే నీళ్లతో నింపి బిగిస్తే గాలి బెడద సగం పోతుంది.

నీళ్లు చాలకపోతే ఏమవుతుంది? పంపులో చిన్న పిస్టన్లు ఉంటాయి. అవి లాగినంత నీరు రాకపోతే లోపల బుడగలు కడతాయి, ధార ఆగి ఆగి తన్నినట్టు వస్తుంది. నీటి తడితోనే చల్లబడాల్సిన సీళ్లు పొడిగా రాసుకుని అరుగుతాయి. ఆ తర్వాత పంపు కింద చుక్కలు కారడం మొదలవుతుంది.

మోటారు రెండు రకాలు. బ్రష్ మోటారు తేలిక, చవక, గోల ఎక్కువ. 15, 20 నిమిషాలు నడిపి కాసేపు ఆపాలి. ఇండక్షన్ మోటారు బరువు, ఖరీదు, కానీ నెమ్మదిగా మోగుతుంది, ఎక్కువ కాలం వస్తుంది. నెలకి రెండు బైకులూ ఒక కారూ కడిగే ఇంటికి బ్రష్ మోటారు చాలు. వారం వారం పార్కింగ్ మొత్తం కడుగుతామంటే ఇండక్షన్‌కి వెళ్లండి.

కరెంటు సంగతి. 1500 వాట్ల మిషన్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాను, టీవీ పెట్టుకునే చిన్న ప్లగ్గు దీనికి పనికిరాదు. గీజర్‌కి వాడే పెద్ద ప్లగ్గే వాడండి. ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైతే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, మూడు పిన్నులది, చుట్ట మొత్తం విప్పి వాడండి. చుట్టగా ఉంచితే వేడెక్కుతుంది. సన్న వైరైతే చివరికి వోల్టేజి పడిపోయి మోటారు హూంకరిస్తుందే గానీ తిరగదు. ఇంట్లో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, లేకపోతే ముందు అది పెట్టించండి, మిషన్ తర్వాత కొనుక్కోవచ్చు. వైరు జాయింటు తడి నేల మీద ఉండకూడదు, వట్టి కాళ్లతో నిలబడకూడదు.

ఇప్పుడు మొదలుపెడదాం. స్విచ్ ఇంకా వేయలేదు, చూడండి. పైపు బిగించాను, కుళాయి పూర్తిగా తిప్పాను, ఇప్పుడు గన్ నొక్కి పట్టుకుంటున్నాను. బుస్సుబుస్సుమని వస్తోందే, అది లోపలి గాలి. తెగకుండా సన్నధార వచ్చేదాకా వదలకండి. అర నిమిషం పడుతుంది. ఆ తర్వాతే స్విచ్. చాలామంది వదిలేసే మెట్టు ఇదే.

బైకు ఇంజన్ చల్లారాక కడగండి. దూరం ఒక మూర, అంటే అడుగున్నర. మొదట వట్టి నీళ్లతో మట్టి నానబెట్టండి. ఫోమ్ కింది నుంచి పైకి కొట్టి, మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ఎండకి ఆరిపోకముందే పై నుంచి కిందికి కడిగేయండి. ధార సూటిగా తగలకూడని చోట్లు: చక్రం మధ్యలో బేరింగులు, చైను, హ్యాండిల్ మీది స్విచ్చులు, సైలెన్సర్ నోరు, రేడియేటర్ రెక్కలు. బేరింగ్ సీలు దాటి నీళ్లు వెళ్తే గ్రీజు కొట్టుకుపోతుంది. కొన్ని వారాలకి చక్రం గరగరమంటుంది, అప్పటికి కడిగిన సంగతి ఎవరికీ గుర్తుండదు. టైరు పక్కగోడకి అడుగు లోపు దగ్గర పెట్టొద్దు, రబ్బరు దెబ్బతింటుంది. పెయింటు ఎక్కడైనా లేచి ఉంటే ఆ అంచు నుంచి దూరంగా ఉండండి.

గచ్చు మీద పాచికి గుండ్రంగా తిరిగే టర్బో నాజిల్ బాగా పనిచేస్తుంది. పెయింటుకీ చెక్కకీ మాత్రం దాన్ని చూపించొద్దు. పేవర్ బ్లాకుల సందుల్లో ఇసుక లేచిపోతుంది, మళ్లీ నింపుకోవాలి. డాబా మీద వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఉంటే గరాటంత వెడల్పు ధార పెట్టి, దూరం నుంచి కొట్టండి. సోలార్ ప్యానెళ్లకీ, ఏసీ అవుట్‌డోర్ రెక్కలకీ ఈ మిషన్ వద్దు, మామూలు పైపు చాలు.

పిల్లలు కాలి బురద కడగమని కాళ్లు చాపుతారు. నవ్వుతూ కూడా ఒప్పుకోకండి. ధార చర్మంలోకి దిగితే బయట చీమ కుట్టినంత గాటే కనిపిస్తుంది, లోపల కండ దెబ్బతింటుంది. అలా జరిగితే పసుపు పెట్టి ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఆపేటప్పుడు: స్విచ్ ఆఫ్, కుళాయి కట్టు, గన్ నొక్కి మిగిలిన ప్రెషర్ వదిలేయి. ఆ తర్వాతే పైపులు ఊడదీయాలి. లోపల ప్రెషర్ ఉండగా క్విక్ కనెక్టర్ (పైపుని చటుక్కున బిగించే జాయింటు) లాగితే బలవంతం చేయాల్సి వస్తుంది, క్లిప్పు విరుగుతుంది.

ఇక ఇది దగ్గరగా చూడండి. నీళ్లు లోపలికి వెళ్లే మూతిని తిప్పి తీశాను. వేలి కొనంత ప్లాస్టిక్ జల్లెడ, లోపల ఎర్రటి ఇసుక, ఆకు ముక్క, పైట్యాంకు నుంచి వచ్చిన నల్లటి నలక. బోరు నీళ్లయితే నాలుగైదు వాడకాలకే ఇలా అవుతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి పెట్టేయండి. ఎంత చిరాకొచ్చినా జల్లెడ లేకుండా నడపొద్దు.

నాజిల్ కన్ను మిల్లీమీటరు ఉంటుందేమో. ఉప్పు నీళ్ల ఊళ్లలో దాని చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. అప్పుడు మోటారు గన్ నొక్కి ఉండగానే ఆగుతూ, తిరుగుతూ ఉంటుంది. నాజిల్ విడిగా తీసి, సన్న సూదితో ముందు నుంచి పొడిచి, వెనక్కి నీళ్లు పట్టండి. గట్టిపడి ఉంటే నిమ్మరసంలో గంట నానేయండి. యాసిడ్, బ్లీచింగ్ పంపులోంచి ఎప్పుడూ పంపొద్దు.

గన్ వదిలేసినా మోటారు ఉండి ఉండి దానంతటదే తిరిగితే ఎక్కడో నీరు కారుతున్నట్టు. గన్ జాయింటులో ఓ-రింగ్, అంటే గుండ్రటి రబ్బరు రింగు, చూడండి. నలిగి ఉంటే అదే సైజుది మార్చండి, సిలికాన్ గ్రీజు తడి చేసి ఎక్కించండి. ఇంజన్ ఆయిల్ పూస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది. ఓ-రింగ్ బాగానే ఉండి కూడా అలాగే తిరుగుతుంటే లోపలి వాల్వులో చెత్త ఇరుక్కుని ఉంటుంది, అది మెకానిక్ పని. బ్రష్ మోటారు దగ్గర నిప్పురవ్వలు ఎక్కువై, కాలిన వాసన వస్తే కార్బన్లు, అంటే మోటారు లోపల రాసుకుంటూ కరెంటు అందించే ముక్కలు, అరిగాయన్నమాట. రెండూ కలిపే మార్చమనండి, ఒక్కటి మారిస్తే మళ్లీ నెలకే తిరిగి వెళ్లాల్సి వస్తుంది.