తోపె దగ్గర ఆగితేనే తిండి: వహాకా పల్లెల్లో అక్కా తమ్ముడూ

తమ్ముడు: నమస్తే అండీ. ఈ ఎపిసోడ్‌కి గెస్ట్ ఎవరూ లేరు. నేనూ, మా అక్కా. మొన్న మెక్సికో వెళ్ళొచ్చాం కదా, ఆ కబుర్లు. అక్క ఒళ్ళో ఖర్చుల పుస్తకం ఉంది, కాబట్టి లెక్కల్లో కోతలు కోయడానికి నాకు వీల్లేదు.

అక్క: ముందు వీసా సంగతి చెప్పరా. అందరూ అదే అడుగుతున్నారు.

తమ్ముడు: మన ఇండియన్ పాస్‌పోర్టులో గడువు తీరని అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. మేం దిగింది వహాకా. దక్షిణాన ఉంటుంది, అన్నీ కొండలు. బీచ్ రిసార్టుల ఊరు కాన్‌కూన్ ఎందుకు వెళ్ళలేదంటే... అక్కా, నువ్వే చెప్పు.

అక్క: ఆ హోటల్ గోడల మధ్య కూర్చుని వచ్చేదానికి మెక్సికో దాకా ఎందుకు? పైగా అక్కడి ఒక్క రాత్రి డబ్బుతో మేం నాలుగు రోజులు తిరిగాం.

తమ్ముడు: డబ్బు అన్నావు కాబట్టి అడుగుతున్నా. కారు ఎంతకి దొరికిందని అనుకున్నాం?

అక్క: ఆన్‌లైన్‌లో రోజుకి 9 డాలర్లు. కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి 38! ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్ అక్కడ తప్పనిసరి. మన క్రెడిట్ కార్డు ఇచ్చే కవరేజీ సాధారణంగా మన అద్దె కారుకే, అవతలివాళ్ళకి కాదు. ఇది ఇంట్లోనే చదువుకుని వెళ్ళాల్సింది. వీడు చదివానన్నాడు.

తమ్ముడు: సగం చదివా. సరే, వహాకా నుంచి సముద్రం వైపు వెళ్ళడానికి మేం అనుకున్నవి రెండు దారులు. 2024లో తెరిచిన కొత్త హైవే మీద ప్వెర్తో ఎస్కొందీదోకి మూడు గంటల లోపే. పాత 175 నంబరు రోడ్డు పట్టుకుంటే తీరం దగ్గరి ఊరు పోచూత్లా చేరడానికే ఆరు గంటలు, అన్నీ మెలికలు. నేను కొత్తది అన్నా. అక్క పాతది అంది.

అక్క: ఆ రోజు శుక్రవారం రా. శుక్రవారం ఒకోత్లాన్‌లో సంత. మన ఊళ్ళలో లాగే అక్కడా ఒక్కో ఊరికి ఒక్కో సంత రోజు. బుధవారం ఎత్లా, గురువారం సాచీలా, ఆదివారం త్లకొలూలా. కొత్త హైవే ఎక్కాలని దూసుకుపోతే సంత దగ్గర ఆగుతామా?

తమ్ముడు: సంత కన్నా ముందు తోపె దొరికింది. తోపె అంటే స్పీడ్ బ్రేకర్ అండీ. ప్రతి ఊరికీ ముందొకటి, మధ్యలో రెండు, చివర ఒకటి. కొన్నిటికి పసుపు రంగు ఉంటుంది. కొన్నిటికి రంగూ ఉండదు, బోర్డూ ఉండదు. చెట్టు నీడలో దాక్కుని ఉంటాయి.

అక్క: కానీ ఒకటి గమనించావా? బండి ఎలాగూ ఆగాలి కాబట్టి అమ్మేవాళ్ళంతా అక్కడే నిలబడతారు. ఉడికిన వేరుశనగ, మామిడి ముక్కల మీద ఉప్పూ కారం, కవర్లో కట్టిన కొబ్బరినీళ్ళు. మన రైల్వే గేటు పడ్డప్పుడు జామకాయల వాళ్ళు వస్తారు చూడు, అలా. మూడో తోపె దాటేసరికి నాకు మధ్యాహ్నం భోజనం మీద ఆశ పోయింది.

తమ్ముడు: నాకు పోలేదు. ఒకోత్లాన్‌లో కొమీదా కొర్రీదా తిన్నాం. మన ప్లేట్ మీల్స్ అనుకోండి. సూపు, అన్నం, ఒక కూర, రొట్టెలు, ఒక గ్లాసు పళ్ళ నీళ్ళు. అక్కడి డబ్బులో 80 పెసోలు. తినేసి వెళ్ళేవాళ్ళు మన బల్ల పక్కనుంచి పోతూ ‘ప్రొవేచో’ అంటారు, తృప్తిగా తినండి అని. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా.

అక్క: ఆ రొట్టెల సంగతి చెప్పాలి. అక్కడ మొక్కజొన్నని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున కడిగి మరకి పట్టుకెళ్తారు. ఆడవాళ్ళు బకెట్లు పట్టుకుని పిండిమర ముందు వరసలో నిలబడతారు. పెనం కూడా మట్టిదే, దానికీ సున్నం పూత. నేను ఒక్క పిడికెడు ముద్ద తీసుకుని వాసన చూశా. తడి గోడకి కొత్తగా సున్నం వేసినప్పుడు వస్తుందే, ఆ వాసన.

తమ్ముడు: ఆ సున్నంలో పెద్ద కథే ఉంది. మొక్కజొన్నలో ఉండే నయాసిన్ అనే విటమిన్ మన ఒంటికి పట్టాలంటే సున్నం కావాలి. యూరప్ వాళ్ళు మొక్కజొన్న తీసుకెళ్ళారు, సున్నం పద్ధతి వదిలేశారు. అదే ప్రధాన తిండి అయిన పేదవాళ్ళకి పెలాగ్రా అని చర్మం పగిలే జబ్బు పట్టుకుంది.

అక్క: వంట చేసేవాళ్ళని అడగకపోతే అంతే మరి.

తమ్ముడు: ఇక పంచర్. మియావత్లాన్ అనే ఊరు దాటాక, మనిద్దరం వాదించుకుంటుంటే...

అక్క: వాదన కాదు. ‘తోపె, తోపె’ అని అరిచాను. నువ్వు ‘ఏ తోపె’ అన్నావు. అప్పటికి ఎక్కేశాం.

తమ్ముడు: పక్కనే గుంట కూడా ఉంది. ముందు టైరు కూర్చుండిపోయింది. స్టెప్నీ వేసుకుని మెల్లగా వెళ్తుంటే రోడ్డు పక్కన పాత టైరు నిలబెట్టి దాని మీద తెల్ల రంగుతో రాసి ఉంది. భాష రాకపోయినా పంచర్ షాపు అని తెలిసిపోయింది! ఒక కుర్రాడు చూసి, ‘అవోరీతా’ అన్నాడు.

అక్క: డిక్షనరీలో దానర్థం ‘ఇప్పుడే’. నిజానికి మన ‘వస్తున్నా వస్తున్నా’. గంటన్నర.

తమ్ముడు: భోంచేసి వచ్చాడు. తొట్టెలో టైరు ముంచాడు, బుడగలు వచ్చిన చోట సుద్దతో గుండ్రంగా గీశాడు, లోపలివైపు గీకి మాసిక వేశాడు. 100 పెసోలు. పని మాత్రం చక్కగా చేశాడు, ఆ టైరు మీదే ఊళ్ళన్నీ తిరిగాం.

అక్క: ఆ గంటన్నరలో వాళ్ళమ్మ మాకు ఎర్రటి నీళ్ళు ఇచ్చింది. అగ్వా దె హమైకా. తాగగానే నాలుక మీద పులుపు... ఎక్కడో తెలిసిన పులుపు. ఎండబెట్టిన రేకులు చూపించమన్నా. చూస్తే గోంగూర! గోంగూర పువ్వు రాలాక కాయని కప్పి ఉండే ఎర్రటి రేకులు. మన మొక్కే అది, అదే జాతి.

తమ్ముడు: గుంటూరు మనిషి మొహం చూడాలి అప్పుడు.

అక్క: నేను ఫోన్లో ట్రాన్స్‌లేటర్ పెట్టి, మరి ఆకు ఏం చేస్తారు అని అడిగా. ఆవిడ మేకల వైపు చూపించింది. నాకు ఏడుపొక్కటే తక్కువ! పచ్చడి గురించి చెబుదామని చూశా. నా ట్రాన్స్‌లేటర్ ఏం చెప్పిందో ఏమో, ఆవిడ మర్యాదగా ఇంకో గ్లాసు పోసింది.

తమ్ముడు: మన చింతపండు వాళ్ళ దగ్గరా ఉంది. దాని నీళ్ళూ అమ్ముతారు. వాళ్ళ దగ్గర నుంచి మనకి వచ్చింది మిరపకాయ. బంతిపువ్వు కూడా వాళ్ళదేనట, అక్కడ చనిపోయినవాళ్ళ పండక్కి దారంతా పరుస్తారు.

అక్క: ఆ రాత్రి బస సాన్ హోసె దెల్ పసీఫికో అనే కొండ ఊళ్ళో. సుమారు 2,400 మీటర్ల ఎత్తు. మబ్బులు కిటికీ దాకా వస్తాయి. గది 600 పెసోలు, కట్టెలు వేరే 100. వీడు పొదుపు అని కట్టెలు వద్దన్నాడు. అర్ధరాత్రి ఓనర్ తలుపు కొట్టింది కూడా వీడే.

తమ్ముడు: పొద్దున కిందికి దిగడం ఇంకో కథ. పైన్ చెట్లతో మొదలై, కాఫీ తోటలు, తర్వాత అరటి, చివరికి కొబ్బరి. చెవులు గుయ్ అంటుంటాయి. రెండో గేర్లో దిగండి, బ్రేకుల మీద కూర్చోకండి. చీకటి పడ్డాక మాత్రం ఆ రోడ్డు ఎక్కొద్దు. లైట్లుండవు, గాడిదలు అడ్డొస్తాయి, తోపెలు కనపడవు.

అక్క: పెట్రోలు బంకులో మీటర్ జీరో చూసుకోమను.

తమ్ముడు: అది మనవాళ్ళకి చెప్పాలా? సెల్ఫ్ సర్వీస్ దాదాపు ఉండదు, మనిషే కొడతాడు, అయిదో పదో పెసోలు చేతిలో పెట్టాలి. మొత్తం ఎంతయ్యింది అక్కా, విమానం టికెట్లు కాకుండా?

అక్క: అయిదు రోజులు, ఇద్దరికీ కలిపి 430 డాలర్లు. డిపాజిట్ కాకుండా.

తమ్ముడు: అదొకటి ఉంది కదా. కారు తిరిగిచ్చేటప్పుడు అద్దె కంపెనీ అతను బోర్లా పడుకుని టార్చి వేసి చూశాడు. కింద గీతలున్నాయన్నాడు.

అక్క: తీసుకునే రోజునే నేను కిందిదాకా వీడియో తీసి పెట్టుకున్నా. చూపించాను. అవే గీతలు. డిపాజిట్ ఎప్పుడు వెనక్కి వేస్తారు అని అడిగితే, నవ్వి, ‘అవోరీతా’ అన్నాడు.

తమ్ముడు: ఆరు వారాలైంది.

అక్క: పుస్తకంలో ఆ లైన్ ఖాళీగా వదిలేశా.