బ్యాంకాక్‌లో ఫారెక్స్ కార్డు రివ్యూ: ఏటీఎం ‘రూపాయల్లో కట్ చేయమంటారా’ అంటే వద్దనండి

నమస్తే అండి. థాయ్‌లాండ్ వెళ్లేటప్పుడు ఫారెక్స్ కార్డు (విదేశీ కరెన్సీ ముందే లోడ్ చేసుకునే ప్రీపెయిడ్ కార్డు) తీసుకోవాలా, ఉన్న కార్డుతో నడిచిపోతుందా అని కామెంట్లలో చాలామంది అడుగుతున్నారు. బ్యాంకాక్‌లో ఫారెక్స్ కార్డు, జీరో మార్కప్ కార్డు (విదేశీ ఖర్చు మీద మన బ్యాంకు మార్కప్ అనే అదనపు చార్జీ వేయని కార్డు), క్యాష్ మూడూ వాడాను. ఏది ఎక్కడ పనికొస్తుందో చెప్తాను.

ముందు ఏటీఎం. డబ్బులు ఊరికే పోయేది ఇక్కడే. థాయ్ ఏటీఎంలో మన కార్డు ఏది పెట్టినా, తీసిన ప్రతిసారీ దాదాపు 220 బాట్ చార్జీ పడుతుంది. 2,000 బాట్ తీసినా అంతే, 20,000 తీసినా అంతే. రెండు వేలకి 220 అంటే 11 శాతం! అందుకే కొంచెం కొంచెం తీయకండి, కావలసింది ఒకేసారి తీసేయండి.

ఆ చార్జీకి ఓకే కొట్టాక ఇదిగో, ఈ స్క్రీన్ వస్తుంది. బాగా చూడండి. మన అకౌంట్లోంచి ఎన్ని రూపాయలు కట్ అవుతాయో చూపించి, రెండు ఆప్షన్లు ఇస్తుంది. ఒకటి కన్వర్షన్‌తో, రెండోది కన్వర్షన్ లేకుండా. రూపాయల్లో లెక్క కనబడగానే హమ్మయ్య అనిపించి మొదటిది నొక్కేస్తారు. వద్దు. ఆ రేటు అక్కడివాళ్లు వేసుకున్నది. అసలు రేటు మీద నాలుగైదు శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కలుపుతారు. రెండోది నొక్కితే క్యాన్సిల్ అయిపోతుందేమో అని టెన్షన్ పడకండి. డబ్బులు వస్తాయి. రేటు మాత్రం వీసా, మాస్టర్‌కార్డ్ వాళ్లది పడుతుంది.

షాపుల్లో స్వైప్ మెషీన్ కూడా ఇదే అడుగుతుంది. కొన్నిచోట్ల మనల్ని అడక్కుండా వాళ్లే రూపాయలు నొక్కేస్తారు. స్లిప్పు మీద ఐఎన్‌ఆర్ అని కనిపిస్తే మొహమాటపడకండి, అది క్యాన్సిల్ చేయించి బాట్‌లోనే మళ్లీ కొట్టమనండి.

ఇక ఫారెక్స్ కార్డు. నాకు నచ్చిందేంటంటే, లోడ్ చేసిన రోజు రేటే చివరిదాకా ఉంటుంది, పైగా మన సేవింగ్స్ అకౌంటుతో సంబంధం లేదు. కార్డు పోయినా నష్టం అందులో ఉన్నంతవరకే. అమ్మానాన్నలు విడిగా వెళ్తుంటే వాళ్లకి నేను ఇదే ఇస్తాను. కానీ బాట్‌లే లోడ్ చేయించండి. డాలర్లు వేసుకుని బాట్‌లో ఖర్చు పెడితే మళ్లీ మార్పిడి చార్జీ పడుతుంది. మిగిలింది వెనక్కి మార్చుకున్నా కొంత పోతుంది.

ఖర్చు మీరే చూసుకునేవాళ్లయితే నా ఓటు జీరో మార్కప్ కార్డుకే. మామూలు కార్డుల మీద సాధారణంగా 2 నుంచి 3.5 శాతం మార్కప్, దాని మీద 18 శాతం జీఎస్టీ. అదంతా మిగులుతుంది. ఒక్క మాట, బయల్దేరే ముందే యాప్‌లో ఇంటర్నేషనల్ యూసేజ్ ఆన్ చేసుకోండి. ఆర్బీఐ రూల్ వల్ల 2020 అక్టోబర్ నుంచి కొత్త కార్డులన్నీ అది ఆఫ్‌లోనే వస్తున్నాయి.

క్యాష్ లేకుండా మాత్రం కుదరదు, వీధి బండ్ల దగ్గర అదే నడుస్తుంది. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగగానే కనబడే కౌంటర్లలో మార్చకండి. కింద బేస్‌మెంట్‌లో, రైలెక్కే చోట ఉన్న ఎక్స్ఛేంజ్ షాపుల్లో రేటు బాగుంటుంది. చిన్న డాలర్ నోట్లకంటే మడత పడని 100 డాలర్ల నోటుకి ఎక్కువిస్తారు. తిరిగొచ్చేటప్పుడు చిల్లర నాణేలు ఎవరూ మార్చరు, వాటిని సెవెన్ ఇలెవెన్‌లో ఏ వాటర్ బాటిల్‌కో ఇచ్చేయండి.